టీచరుతో ఇరవై నిమిషాలు: మాట్లాడి వచ్చాక పిల్లల చదువులో మార్పు కనబడాలంటే

“బడికి రమ్మన్నారు మేడమ్, పోయినాను. మార్కులు చూపించి సంతకం పెట్టించుకున్నారు. ఇంట్లో కొంచెం చూసుకోమన్నారు. సరే అని వచ్చేసినాను. ఇప్పుడు నేనేం చేయాల?”

తిరుపతి చుట్టుపక్కల హైస్కూళ్లలో ఇరవై ఏళ్లకు పైగా సైన్సు చెబుతున్నాను. ఈ ప్రశ్న నన్ను బస్టాండులో అడిగారు, పెళ్లి భోజనాల దగ్గర అడిగారు, కూరగాయల అంగడి ముందు అడిగారు. 2024 డిసెంబరు 7న, మళ్లీ 2025 జులై 10న ప్రభుత్వం రాష్ట్రమంతా మెగా పీటీఎంలు, అంటే తల్లిదండ్రులతో టీచర్ల మీటింగులు, పెట్టాక ఇంకా ఎక్కువగా అడుగుతున్నారు. ఆ మీటింగులు మంచివే. ఏనాడూ బడి గడప తొక్కని తండ్రులు కూడా ఆ రోజు వచ్చి పిల్లల పక్కన కూర్చుని అన్నం తిన్నారు. అయితే అంత మంది మధ్యలో మీ బిడ్డ గురించి నేను చెప్పగలిగింది రెండు ముక్కలే. అసలు పని విడిగా కూర్చుని చేసుకోవాలి.

దానికి పద్ధతి ఉంది, కష్టమైనదేమీ కాదు. ఒక్క విషయం పట్టుకుని వెళ్లాలి, ఒక్క ఒప్పందంతో తిరిగి రావాలి, ఒక తేదీ పెట్టుకుని మళ్లీ చూసుకోవాలి. సర్కారు బడికైనా ప్రైవేటు బడికైనా ఇదే పద్ధతి. మీకు చదువు రాకపోయినా పనికొస్తుంది.

కావాల్సినవి

• నలభై పేజీల నోటుబుక్కు ఒకటి. ఫోనులో రాసుకోవద్దు. టేబుల్ మీద ఇద్దరి మధ్యలో పెట్టుకుని చూసుకునే కాగితం కావాలి.

• బిడ్డ క్లాసు నోట్సులు రెండో మూడో, దిద్దిన జవాబు పత్రాలు. ప్రోగ్రెస్ కార్డు ఒక్కటే తెస్తే చాలదు. 50కి 17 అని మాత్రమే కార్డు చెబుతుంది. ఆ 33 మార్కులు ఎక్కడ జారిపోయాయో జవాబు పత్రంలో ఉంటుంది.

• ఇంట్లో బిడ్డ రోజు ఎలా గడుస్తుందో రాసిన ఒక పేజీ. ఎన్నింటికి లేస్తాడు, ఏం తిని బడికొస్తాడు, ఎవరి దగ్గర కూర్చుని చదువుతాడు, ఎన్నింటికి పడుకుంటాడు.

• ఆరోగ్య విషయాలు. కళ్లజోడు, చెవి నొప్పి, ఫిట్స్, వాడుతున్న మాత్రలు. చెబితే ఏమనుకుంటారో అని చాలామంది దాస్తారు. దయచేసి దాచొద్దు.

• ఇరవై నిమిషాలు. మీకూ టీచరుకూ ఇద్దరికీ తీరికైనవి.

1. ముందు వారం రోజులు చూడండి, చూసింది రాయండి

“మావాడు చదవడు మేడమ్” అంటే అది మీ అభిప్రాయం. దాంతో నేనేమీ చేయలేను. ఒకసారి ఒక తల్లి ఇలా రాసుకొచ్చింది: “మంగళవారం ఆరున్నరకు లెక్కల బుక్కు తీసినాడు. మొదటి లెక్క చేసినాడు. రెండో లెక్క దగ్గర పెన్సిలు చెక్కతా కూర్చున్నాడు. ఏడుకి బుక్కు మూసేసినాడు.” నాలుగే వాక్యాలు, వాటిలో సగం సమాధానం ఉంది. ఆ పిల్లాడు బద్ధకస్తుడు కాడు, మొదలుపెడుతున్నాడు. రెండో లెక్కలో ఏదో అడ్డం పడుతోంది.

రోజుకు మూడు నాలుగు వాక్యాలు చాలు. రోజూ ఒకే టైములో చూడండి. “ఎప్పుడూ”, “అస్సలు”, “ఎంత చెప్పినా” అనే మాటలు రాకుండా రాయండి. అవి కోపంలోంచి వచ్చే మాటలు. రాయడం రాకపోతే గుర్తు పెట్టుకుని చెప్పినా సరే. ఒకామె కేలండర్ మీద గీతలు గీసుకుని వచ్చింది, హోంవర్కు చేసిన రోజుకు ఒక గీత. దాంతో మాకు పని జరిగింది.

2. బిడ్డను అడగండి

చాలామంది ఈ మెట్టు ఎక్కకుండానే నేరుగా బడికి వచ్చేస్తారు. తన గురించి పెద్దలు గుసగుసలాడుకుంటున్నారని తెలిస్తే ఏ బిడ్డా నోరు తెరవదు. అన్నం ముందు కూర్చోబెట్టి అడగొద్దు, తినే ముద్ద దిగదు. బండి మీద వెనక కూర్చున్నప్పుడో, బట్టలు మడతపెట్టేటప్పుడో, పక్కపక్కన ఉన్నప్పుడు అడగండి. మొహంలో మొహం పెట్టి అడిగితే వచ్చే జవాబు వేరు, ఇలా వచ్చే జవాబు వేరు.

“ఎందుకు చదవవు?” అంటే “తెలీదు” అంటారు. దాని బదులు, “ఏ పీరియడ్ తొందరగా అయిపోయినట్టు ఉంటుంది? ఏ పీరియడ్ ఎంతకీ బెల్లు కొట్టదు?” అని అడిగి చూడండి. ఆ తర్వాత, “నేను గురువారం మీ మేడమ్‌ను కలుస్తాను. ఇది అడుగుతాను. నువ్వు చెప్పమన్నది ఏదైనా ఉందా, చెప్పొద్దన్నది ఏదైనా ఉందా?” అని చెప్పండి. చెప్పొద్దన్నది చెప్పకండి. ఒక్క మినహాయింపు: ఎవరైనా కొడుతున్నారనో, తాకరాని చోట తాకుతున్నారనో చెబితే దాన్ని దాచడానికి వీల్లేదు. ఆ సంగతి బిడ్డకు అక్కడే నెమ్మదిగా చెప్పండి.

3. టైము అడిగి తీసుకోండి

పొద్దున బెల్లు కొట్టే ముందు గేటు దగ్గర టీచరును పట్టుకోవద్దు. ఆ టైములో మా చేతిలో హాజరు పట్టీ, మనసులో ప్రేయర్, కళ్ల ముందు రెండు వందల మంది పిల్లలు. “ఆ, బాగానే ఉన్నాడండీ” అనేస్తాం. అది జవాబు కింద లెక్కకాదు.

ముందుగా ఇలా ఒక మెసేజ్ పెట్టండి: “మేడమ్, ఏడో తరగతి బి సెక్షన్ ఫలానా బిడ్డ తల్లిని. లెక్కల హోంవర్కు గురించి మీతో ఇరవై నిమిషాలు మాట్లాడాలి. ఈ వారం మీకు ఏ రోజు, ఏ టైము కుదురుతుంది?” విషయం ముందే తెలిస్తే టీచరు కూడా రికార్డు చూసుకుని వస్తారు.

ముందు క్లాస్ టీచరు, అవసరమైతే సబ్జెక్టు టీచరు. హెడ్మాస్టరు దగ్గరకు ఆ తర్వాతే. నేరుగా పైకి వెళితే కింద ఉన్నవాళ్లు జంకుతారు, జంకిన మనిషి మనసు విప్పి మాట్లాడరు. కొన్ని ప్రైవేటు బడుల్లో టీచరును విడిగా కలవనివ్వరు, కోఆర్డినేటర్ ఉంటేనే అంటారు. ఉండనివ్వండి. కానీ పాఠం చెప్పే మనిషి కూడా ఆ గదిలో ఉండాలని అడగండి.

రాలేనివాళ్ల సంగతి. తిరుమలలో షిఫ్టు డ్యూటీలు, హోటళ్ల పనులు, జీపులు తోలేవాళ్లు, బ్రహ్మోత్సవాలప్పుడు ఇంటికే రాని తండ్రులు మన దగ్గర ఎంతోమంది. చిత్తూరు వైపు తోతాపురి మామిడి కోతలప్పుడు, జూన్ జులైలలో, గుజ్జు ఫ్యాక్టరీల్లో పనిచేసే తల్లులకు పగలు రాత్రి తెలీదు. వాళ్లు రాలేదంటే బిడ్డ మీద ప్రేమ లేదనుకోకూడదు. ఫోనులో పదిహేను నిమిషాలు మాట్లాడినా ఈ పద్ధతి నడుస్తుంది, నోటుబుక్కు పేజీ ఫోటో తీసి పంపితే చాలు. అవ్వో తాతో ఇంట్లో చూసుకుంటుంటే వాళ్లను పంపండి. రోజూ బిడ్డను చూసేది వాళ్లే కాబట్టి ఒక్కోసారి తల్లిదండ్రుల కంటే వాళ్లకే ఎక్కువ తెలుసు. నగరి, పుత్తూరు, సత్యవేడు వైపు ఇంట్లో అరవం మాట్లాడే కుటుంబాలు ఎక్కువ. తెలుగు తడబడుతుందని ఆగిపోవద్దు. బడిలో అరవం వచ్చిన టీచరు ఒకరైనా ఉంటారు. కానీ బిడ్డనే మధ్యవర్తిగా పెట్టి మాట్లాడించొద్దు. తన తప్పులు తనే తర్జుమా చేసి చెప్పాల్సిన గతి ఏ బిడ్డకూ రాకూడదు.

4. మొదటి ఐదు నిమిషాలు వినండి

కూర్చోగానే ఫిర్యాదు తీయకండి. టీచరు చేసిన మంచి పని ఒక్కటైనా ఉంటే చెప్పండి. నిజంగా జరిగినదే చెప్పండి, ముఖస్తుతి ఎవరికైనా తెలిసిపోతుంది. తర్వాత ఒక్క ప్రశ్న: “క్లాసులో ఎట్లుంటాడు మేడమ్?” అని అడిగి ఆగండి. మధ్యలో అడ్డు రాకండి. ఇంట్లో మీకు కనబడే బిడ్డ వేరు, నలభై మందిలో మాకు కనబడే బిడ్డ వేరు. ఇంట్లో గలగలా మాట్లాడే పిల్ల బడిలో నెల రోజులుగా నోరు విప్పలేదంటే ఆ విషయం మీకు తెలియాలి కదా.

ఆ తర్వాత మీ నోటుబుక్కు తీయండి.

5. ఒక్కటే ఎంచుకోండి, అది లెక్కపెట్టగలిగేలా ఉండాలి

మీ దగ్గర పది బాధలు ఉంటాయి, నా దగ్గర పన్నెండు. అన్నీ ఒకే రోజు మాట్లాడితే ఏదీ జరగదు. “ఈ రెండు వారాల్లో ఏది మారితే మిగతావి కొంచెం సులువవుతాయి?” అని ఇద్దరూ అడగండి. దాన్నే పట్టుకోండి.

పట్టుకున్నది లెక్కకు రావాలి. “బాగా చదవాలి” అంటే లెక్కపెట్టలేం. “వారంలో ఐదు హోంవర్కుల్లో ఎన్ని పూర్తి చేశాడు”, “రోజుకు ఎన్నిసార్లు చెయ్యెత్తి అడిగింది”, “వారంలో ఎన్ని రోజులు బెల్లుకు ముందే వచ్చాడు”, వీటిని లెక్కపెట్టవచ్చు. ఈరోజు ఆ లెక్క ఎంతో అప్పుడే రాసుకోండి. ఇది రాయకపోతే తర్వాత మార్పు వచ్చిందో లేదో తేలదు, ఎవరికి తోచింది వాళ్లు అంటారు.

హాజరు గురించి ఒక మాట. పిల్లల్ని బడికి పంపే తల్లులకు ప్రభుత్వం ఇచ్చే తల్లికి వందనం డబ్బులకు 75 శాతం హాజరు కావాలని తల్లులు శాతం అడుగుతారు. శాతంతో పాటు ఏ రోజులు రాలేదో కూడా అడగండి. సోమవారాలే పోతుంటే ఒక కారణం, ఒకే సబ్జెక్టు పరీక్ష ఉన్న రోజులే పోతుంటే వేరే కారణం.

6. ఎప్పుడు, ఎక్కడ, దానికి ముందు ఏం జరిగింది

ఈ మెట్టు దగ్గర తొందరపడొద్దు. ఇరవైలో పది నిమిషాలు దీనికే ఇవ్వండి. పిల్లల కష్టాల్లో చాలావాటికి కారణం చదువులో ఉండదు.

ఏడో తరగతిలో ఒక పిల్ల ఉండేది. మార్కులు పడిపోయాయని తల్లి మూడు నోట్సులు పట్టుకొచ్చింది. నేను వాటిని పక్కపక్కన పెట్టి చూశాను. పాఠ్యపుస్తకం చూసి రాసుకున్న పేజీల్లో అక్షరాలు ముత్యాల్లా ఉన్నాయి. బోర్డు చూసి రాసిన పేజీల్లో ఒత్తులు లేవు, గుడులు దీర్ఘాలు తారుమారు. “కిరణజన్య సంయోగక్రియ” కాస్తా “కరణజన సంయగకయ” అయింది. బుక్కులో కనబడే ఒత్తు బోర్డు మీద కనబడటం లేదు, అంతే. ఏడాదిగా ఆ పిల్లను అజాగ్రత్త అంటున్నాం, నాతో సహా. అలిపిరి దగ్గర అరవింద్ కంటి ఆసుపత్రికి తీసుకెళ్లారు, అద్దాలు వచ్చాయి. రెండు వారాల్లో ఒత్తులన్నీ తిరిగొచ్చాయి.

దీన్ని ఇంట్లోనే చూసుకోవచ్చు. గోడ మీద టీటీడీ కేలండర్ ఉంటుంది కదా. తేదీ కింద చిన్న అక్షరాల్లో తిథి ఉంటుంది. ఇంట్లో తక్కిన పిల్లలు ఎంత దూరం నుంచి చదవగలుగుతున్నారో అక్కడే ఈ బిడ్డనూ నిలబెట్టి ఒక్కో కన్ను మూసి చదివించండి. తేడా ఉంటే కళ్ల డాక్టరు దగ్గరకు వెళ్లండి. తేడా లేకపోయినా అనుమానం ఉంటే వెళ్లండి, కేలండర్‌తో చూసుకున్నంత మాత్రాన కంటి పరీక్ష అయిపోయినట్టు కాదు.

ఇలాగే ఒక్కొక్కటీ చూసుకుంటూ పోండి.

నిద్ర. తొమ్మిదో తరగతిలో ఒక పిల్లాడు మొదటి పీరియడ్‌లో రోజూ తూగేవాడు. నెల రోజులు లేపి నిలబెట్టాను. తర్వాత వాళ్ల నాయన వచ్చి చెప్పాడు, రైల్వే స్టేషన్ దగ్గర టీ కొట్టు, పిల్లాడు తెల్లవారుజామున మూడున్నరకు లేచి పాలు కాచి వస్తాడని. ఆ నెల రోజులు నేను ఆ బిడ్డను నిలబెట్టినందుకు ఇప్పటికీ బాధపడతాను. నేను ఒక్కసారి అడిగి ఉంటే సరిపోయేది. ఆ తండ్రి వారంలో నాలుగు రోజులు పిల్లాణ్ని నిద్రపోనిచ్చాడు, తక్కిన రోజుల్లో నేను మొదటి పీరియడ్‌లో అతనితో ప్రయోగం చేయించాను. చేతిలో పని ఉంటే నిద్ర రాదు.

చప్పుడు. ఇంట్లో మరమగ్గాలు ఆడుతుంటే ఏ బిడ్డకూ చదువు తలకెక్కదు. నగరిలో ఒక కుటుంబం దీనికి దారి చూసుకుంది, సాయంత్రం గంటసేపు బిడ్డ రెండిళ్ల అవతల అవ్వ ఇంట్లో కూర్చుని చదువుకునేది.

భాష. పాఠం అర్థం కాలేదా, ఇంగ్లీషులో రాయలేకపోతున్నాడా? ఇది తేల్చడం సులువు. అదే ప్రశ్న తెలుగులో అడిగి నోటితో చెప్పమనండి. గడగడా చెబితే సమస్య ఇంగ్లీషుది. తెలుగులోనూ చెప్పలేకపోతే పాఠమే అందలేదు. సర్కారు బడి పుస్తకాల్లో ఒక పేజీ తెలుగు, ఎదురుగా ఇంగ్లీషు ఉంటుంది. ముందు తెలుగు పేజీ చదివి, తర్వాత ఇంగ్లీషు పేజీలో అవే మాటలు వెతకమనండి.

పునాది. ఏడో తరగతి బీజగణితం రావట్లేదంటే 403లోంచి 178 తీసెయ్యమని ఒక లెక్క ఇవ్వండి. సున్నా దగ్గర అప్పు తీసుకోవడం రాకపోతే గొడవ ఏడో తరగతిది కాదు, మూడో తరగతిది. ట్యూషన్‌లో మళ్లీ ఏడో తరగతి పాఠమే చెప్పిస్తే డబ్బులు దండగ.

భయం, స్నేహితులు, ఫోను. వీటి గురించి టీచరు దగ్గర మీకు తెలియనివి ఉంటాయి, మీ దగ్గర టీచరుకు తెలియనివి ఉంటాయి. రెండూ పక్కపక్కన పెట్టండి.

7. ఒప్పందం రాసుకోండి

బడి చేసేది ఒకటి, ఇల్లు చేసేది ఒకటి, బిడ్డ చేసేది ఒకటి. మూడే. పేజీ ఇలా ఉంటుంది:

విషయం: లెక్కల హోంవర్కు
ఇప్పుడు: వారంలో ఐదింట ఒకటి పూర్తవుతోంది
రెండు వారాలకు: ఐదింట మూడు
బడిలో, మేడమ్: పీరియడ్ చివర మొదటి రెండు లెక్కలు తన ముందే మొదలుపెట్టిస్తారు
ఇంట్లో, అమ్మ: ఏడు నుంచి ఏడున్నర దాకా టీవీ ఆపి పక్కన కూర్చుంటుంది
బిడ్డ: రాని లెక్క పక్కన చుక్క పెట్టి తర్వాతి లెక్కకు వెళతాడు
మళ్లీ కలిసేది: జులై 28, మధ్యాహ్నం మూడున్నర

తల్లికి లెక్కలు రావాల్సిన పనిలేదు. పక్కన కూర్చుని కంది బేడలు ఏరుకున్నా చాలు.

ఇక ఆ చుక్క సంగతి. బిడ్డ చిక్కుకున్న చోట అరగంట కూర్చుండిపోకుండా ముందుకు కదులుతాడు. టీచరు నోట్సు తెరవగానే చుక్కలు కనబడతాయి. పదకొండు చుక్కల్లో తొమ్మిది ఒకేరకం లెక్కల పక్కన ఉంటే ఇంక పరిశోధన అక్కర్లేదు, ఆ ఒక్కటి నేర్పితే సరి.

హెచ్చరిక: టీచరును చేయలేనిది అడగొద్దు. “రోజూ విడిగా గంట చెప్పండి” అంటే మొహమాటానికి సరేనంటారు, మూడో రోజుకు ఆగిపోతుంది. రోజుకు రెండు నిమిషాల పని అడగండి. మీరూ అంతే. అయిదుకల్లా లేపి చదివిస్తానని ఒప్పుకునే ముందు మీరు ఎన్నింటికి లేస్తారో ఆలోచించండి.

వెళ్లే ముందు బిడ్డను లోపలికి పిలిచి పేజీ చదివి వినిపించండి. తన వంతు తనకు కుదురుతుందా అని అడగండి. కుదరదంటే మార్చండి.

8. రెండు వారాలు నడపండి

నోటుబుక్కు బిడ్డ సంచిలో తిరుగుతుంది. టీచరు రోజూ ఒక టిక్కో చుక్కో పెడతారు, మీరు రాత్రి ఒక టిక్కు పెడతారు. వ్యాఖ్యలు రాయక్కర్లేదు.

క్లాసు వాట్సాప్ గ్రూపులో మీ బిడ్డ గురించి ఒక్క అక్షరం కూడా పెట్టొద్దు. నలభై ఇళ్లలో చదువుతారు, మర్నాడు పిల్లలు ఆ మాటే అని ఏడిపిస్తారు.

ఇంకొకటి, నేను బతిమాలి చెబుతున్నాను: బుక్కులో టిక్కు లేదని బిడ్డను కొట్టొద్దు. ఒక్కసారి కొడితే చాలు, ఆ బుక్కు దారిలో పోతుంది, లేదా వానలో తడుస్తుంది. బిడ్డ ఇంక దాన్ని ఇంటికి తేడు. టిక్కు ఉన్న రోజు, “ఈరోజు మూడు చేసినావే” అని చూసి చెప్పండి. బహుమతులు అక్కర్లేదు.

మొదటి మూడు నాలుగు రోజులు మామూలు కంటే అధ్వానంగా ఉండవచ్చు. కంగారుపడి పద్ధతి మార్చకండి.

9. మళ్లీ కూర్చుని చూడండి

చెప్పిన తేదీకి వెళ్లండి. పది నిమిషాలు చాలు. ముందు రాసిన లెక్క, ఇప్పటి లెక్క పక్కపక్కన పెట్టండి.

• ఐదింట ఒకటి ఉన్నది మూడయితే ఇంకో రెండు వారాలు అదే నడపండి. వెంటనే ఐదుకు లాగొద్దు.

• ఒకటి ఉన్నది రెండయితే మార్గం సరైనదే, ఏదో ఒకచోట సడలింది. ముగ్గురిలో ఎవరి వంతు ఎన్ని రోజులు జరిగిందో చూడండి. చాలాసార్లు సడలేది పెద్దవాళ్ల దగ్గరే.

• ముగ్గురూ చేసినా లెక్క కదలకపోతే కారణం తప్పుగా పట్టుకున్నారు. ఆరో మెట్టుకు తిరిగి వెళ్లండి. ఒక్కదాన్నే మార్చండి. మూడూ ఒకేసారి మారిస్తే ఏది పనిచేసిందో తెలియదు.

మార్కులతో చూడొద్దా అని అడుగుతారు. చూడండి, కానీ మార్కులు ఆలస్యంగా కదులుతాయి. హోంవర్కు రెండు వారాల్లో కదిలితే, మార్కులు తర్వాతి పరీక్షకో ఆపై పరీక్షకో కదులుతాయి. ఇంకో పరీక్ష కూడా ఉంది. ఆదివారం సాయంత్రం బిడ్డ మొహం చూడండి. సోమవారం బడి అంటే ముందున్నంత బరువుగా ఉందా?

తరచూ జరిగే తప్పులు

“చర్మం ఒలిచినా మేమేం అడగం సారూ.” వినయంగా, నమ్మకంగా, మన అవ్వ తాతల కాలం నుంచి అంటున్న మాట ఇది. పక్కనే నిలబడిన బిడ్డకు మాత్రం, నన్ను కాపాడేవాళ్లు ఎవరూ లేరని వినబడుతుంది. పైగా 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ ప్రకారం బడిలో పిల్లల్ని కొట్టడం, మానసికంగా వేధించడం రెండూ నిషేధం. మీరు అనుమతి ఇచ్చినా చెల్లదు.

“వాళ్లక్క ఇట్లా కాదు మేడమ్.” అక్కతో, పక్కింటి పిల్లతో పోల్చడం ఆపండి. టీచర్లం మేమూ ఈ తప్పు చేస్తాం. నేను చేస్తే నన్ను ఆపండి.

తండ్రి ఒక మాట, తల్లి ఒక మాట. టీచరు ముందు వాదించుకుంటే ఒప్పందం కుదరదు. ఇంటి నుంచి బయల్దేరే ముందే ఇద్దరూ ఒక మాట మీదికి రండి.

మార్కులు తగ్గినప్పుడే రావడం. నాకు ఒక తండ్రి గుర్తున్నాడు, ప్రతి మూడు నెలలకు వచ్చి ఐదు నిమిషాలు కూర్చుని, “ఏం సమాచారం మేడమ్” అని అడిగి పోయేవాడు. ఆటో తోలేవాడు. పదో తరగతిలో వాళ్ల పాపకు నిజంగా కష్టం వచ్చినప్పుడు మా ఇద్దరి మధ్య కొత్త ఏమీ లేదు, మొదటి నిమిషం నుంచే పని మాట్లాడుకున్నాం.

కోపంతో వెళ్లడం. బిడ్డ ఏడుస్తూ ఇంటికొచ్చిన సాయంత్రమే పరుగెత్తకండి. ప్రమాదం లేని విషయమైతే ఒక రాత్రి ఆగండి. “మీరు ఎందుకు తిట్టారు?” బదులు “నిన్న ఏం జరిగిందో మీ వైపు నుంచి చెప్తారా?” అని మొదలుపెట్టండి.

ఇది చదివే టీచర్లకు కూడా ఒక మాట. తల్లిదండ్రులను స్టాఫ్ రూములో నిలబెట్టి మాట్లాడొద్దు, కుర్చీ వేయండి. వాళ్ల చదువు గురించి ఎత్తొద్దు. “మీ వాడు” అని మొదలుపెట్టకుండా బిడ్డ పేరుతో మొదలుపెట్టండి. మనం పిలిపించిన ప్రతిసారీ చెడువార్తే అయితే, బడి నుంచి ఫోను రాగానే వాళ్ల గుండె జారుతుంది. నెలకు ఇద్దరు ముగ్గురికైనా మంచి సంగతి చెప్పడానికి ఫోను చేయండి.

ఇవన్నీ చేసినా కదలకపోతే

అక్షరాలు తిరగరాయడం, చదివిన వాక్యం మళ్లీ మళ్లీ జారిపోవడం, ఎంత నేర్పినా అంకెలు నిలవకపోవడం, ఇలా ఏళ్ల తరబడి ఉంటే అది మొండితనం కాకపోవచ్చు. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాల్లో అభ్యసన వైకల్యం ఒకటి. మండలంలో ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం నడిచే భవిత కేంద్రం టీచరును కలవండి. ఎక్కడ పరీక్ష చేయించాలో, పదో తరగతి పరీక్షల్లో అదనపు సమయంలాంటివి ఎలా అడగాలో వాళ్లు చెబుతారు. బిడ్డ తిండి, నిద్ర, మాట తగ్గి దిగులుగా ఉంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కు ఫోను చేయండి, తెలుగులోనే మాట్లాడతారు.

టీచరు కలవడానికే ఒప్పుకోకపోతే హెడ్మాస్టరుకు తేదీ వేసి ఒక చీటీ రాసివ్వండి, నకలు మీ దగ్గర ఉంచుకోండి. సర్కారు బడికి యాజమాన్య కమిటీ ఉంటుంది, చట్టం ప్రకారం అందులో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులే. వాళ్లకు చెప్పండి. సర్కారు ఎయిడ్ (గ్రాంటు) లేని ప్రైవేటు బడికి ఆ చట్టం కింద ఈ కమిటీ తప్పనిసరి కాదు, అక్కడ ప్రిన్సిపాల్‌కు రాసివ్వండి. అక్కడా కదలిక లేకపోతే మండల విద్యాధికారి ఉన్నారు. బిడ్డకు హాని జరుగుతుంటే ఈ మెట్లేవీ ఎక్కొద్దు, వెంటనే పిల్లల హెల్ప్‌లైన్ 1098కు ఫోను చేయండి.

నోటుబుక్కు ఏడాది చివర పడేయకండి. జూన్‌లో బడి తెరిచాక మొదటి వారం పుస్తకాలు, కిట్లు, అడ్మిషన్ల హడావుడి ఉంటుంది, ఆ వారం వదిలేయండి. రెండో వారంలో కొత్త క్లాస్ టీచరును కలిసి ఆ పేజీలు తెరిచి చూపించండి. పోయినేడు ఏది పనిచేసిందో, ఏది చేయలేదో వాళ్లకు అక్కడే కనబడుతుంది. మళ్లీ మొదటి నుంచి వెతుక్కుంటూ వాళ్లు డిసెంబరు దాకా ఆగాల్సిన పని ఉండదు.